పుస్తకాన్ని ఏ అరలో పెట్టాలి?

(డొరొతీ పోర్టర్ జీవితం నుంచి గ్రంథాలయ నిర్వహణ పాఠం)

గ్రంథాలయం అంటే పుస్తకాల బీరువాలున్న గది అనీ, లైబ్రేరియన్ అంటే ఆ బీరువాల తాళంచెవులు దగ్గర ఉంచుకునే ఉద్యోగి అనీ మనలో చాలామంది అనుకుంటాం. అడిగితే పుస్తకం తీసి ఇస్తారు, రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటారు, గడువు దాటితే జరిమానా వేస్తారు. ఆ ఉద్యోగం అంతటితో అయిపోతుందని మన అభిప్రాయం.

విశ్వవిద్యాలయాల్లో, పరిశోధనా సంస్థల్లో గ్రంథాలయానికి పెద్దగా ఉన్నవారి పని అంతకంటే చాలా పెద్దది. వారు ప్రతిరోజూ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఏది దాచాలి? దాచినదాన్ని ఏ పేరు కింద పెట్టాలి? అడిగినవారికి అది ఎలా దొరకాలి? ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులను బట్టే ఎవరి చరిత్ర రేపటికి మిగులుతుంది, ఎవరి చరిత్ర చెత్తబుట్టలోకి పోతుంది అన్నది తేలుతుంది. ఇది అతిశయోక్తి కాదు. అమెరికాలో హోవార్డ్ విశ్వవిద్యాలయంలో 43 సంవత్సరాలు పనిచేసిన డొరొతీ పోర్టర్ అనే గ్రంథపాలకురాలి జీవితం చదివితే ఈ సంగతి స్పష్టంగా అర్థమవుతుంది. ఈ పాఠం ఆమె గురించి, ఆమె చేసిన పని గురించి.

గ్రంథాలయం వేరు, ఆర్కైవ్స్ వేరు

ముందుగా రెండు మాటల మధ్య తేడా తెలుసుకుందాం. గ్రంథాలయంలో ఉండేవి ముఖ్యంగా అచ్చయిన పుస్తకాలు, పత్రికలు. ఒక పుస్తకం వెయ్యి ప్రతులు అచ్చయితే అందులో ఒకటి మన దగ్గర ఉంటుంది. అది పోయినా మరోచోట ఇంకొకటి దొరకవచ్చు.

ఆర్కైవ్స్ అంటే పత్ర భాండాగారం. అక్కడ ఉండేవి ఉత్తరాలు, డైరీలు, చేతిరాత ప్రతులు, సంఘాల మినిట్స్ పుస్తకాలు, అర్జీలు, ఫోటోలు, లెక్కల కాగితాలు. వీటిలో చాలావాటికి రెండో ప్రతి ఉండదు. పోతే పోయినట్టే.

సర్దే పద్ధతి కూడా వేరు. పుస్తకాలను విషయాన్ని బట్టి సర్దుతారు. పత్రాలను అలా సర్దకూడదు. ఒక ఉద్యమ నాయకుడి ఇంట్లో ఒక ట్రంకు పెట్టె దొరికిందనుకుందాం. అందులో ఉత్తరాలు ఒక కట్ట, కరపత్రాలు ఒక కట్ట, ఇంటి ఖర్చుల పుస్తకాలు ఒక కట్ట ఉన్నాయి. ఆ కట్టలు విప్పి తలా ఒక అరలో పెడితే ఎవరు ఎవరికి రాశారు, ఏ ఉత్తరం తరువాత ఏ కరపత్రం వచ్చింది అనే సంగతి పోతుంది. అందుకని ఒక మనిషి లేదా ఒక సంస్థ పత్రాలను వేరేవాటితో కలపకుండా, వారు ఉంచుకున్న వరుసలోనే ఉంచాలి. ఏ పెట్టెలో ఏమున్నదో తెలిపే జాబితా తయారు చేయాలి. ఆర్కైవ్స్ శాస్త్రంలో ఇది మొదటి సూత్రం.

పెద్ద పరిశోధనా సంస్థల్లో ఈ రెండు విభాగాలూ ఒకే పెద్ద చేతికింద ఉంటాయి. డొరొతీ పోర్టర్ చూసుకున్నది అలాంటి సంస్థనే.

హోవార్డ్ విశ్వవిద్యాలయం

అమెరికాలో 1861 నుంచి 1865 వరకు అంతర్యుద్ధం జరిగింది. ఆ యుద్ధం ముగిశాక బానిసత్వం రద్దయింది. బానిసత్వం నుంచి బయటపడిన లక్షలాది నల్లజాతీయులకు చదువు కావాలి. చాలా కళాశాలలు వారిని చేర్చుకోలేదు. అటువంటి కాలంలో 1867లో రాజధాని వాషింగ్టన్ నగరంలో హోవార్డ్ విశ్వవిద్యాలయం ఏర్పడింది.

1873లో లూయిస్ టాపన్ అనే బానిసత్వ వ్యతిరేక ఉద్యమకారుడు తన దగ్గరున్న పుస్తకాలు, కరపత్రాలు, ఉత్తరాలు, పత్రికలు సుమారు 1,600 ఈ విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు. 1914లో అక్కడి పూర్వ విద్యార్థి, ధర్మకర్తల మండలి సభ్యుడు జెస్సీ మూర్లాండ్ తన సొంత గ్రంథాలయం మొత్తం ఇచ్చేశాడు. అందులో 3,000కు పైగా పుస్తకాలు, పత్రాలు ఉన్నాయి. అన్నీ నల్లజాతి ప్రజల జీవితానికి, చరిత్రకు సంబంధించినవే. ఆయనను ఇందుకు ఒప్పించినవాడు అక్కడి ఆచార్యుడు కెల్లీ మిల్లర్.

దానం అందింది. కానీ దానం అందటం వేరు, అది గ్రంథాలయంగా మారటం వేరు. వచ్చిన పుస్తకాలకు లెక్క రాయాలి, సర్దాలి, జాబితా వేయాలి, చదువరి చేతికి అందించాలి. లూలా అలెన్, ఎడిత్ బ్రౌన్, లూలా కానర్, రోజా హెర్షా అనే నలుగురు మహిళా లైబ్రేరియన్లు ఆ పని మొదలుపెట్టారు. వారి తరువాత వచ్చినవారు డొరొతీ పోర్టర్.

డొరొతీ పోర్టర్ ఎవరు?

ఆమె 1905 మే 25న వర్జీనియా రాష్ట్రంలో పుట్టారు. పెరిగింది న్యూజెర్సీలో. తండ్రి వైద్యుడు, తల్లి టెన్నిస్ క్రీడాకారిణి. 1928లో హోవార్డ్‌లో డిగ్రీ పూర్తిచేసి అక్కడి గ్రంథాలయంలోనే ఉద్యోగంలో చేరారు. 1929లో చిత్రకారుడు, కళా చరిత్రకారుడు జేమ్స్ పోర్టర్‌ను వివాహం చేసుకున్నారు. 1930లో మూర్లాండ్ ఇచ్చిన సంపదను సర్ది ప్రత్యేక గ్రంథాలయంగా తీర్చిదిద్దే బాధ్యత ఆమెకు అప్పగించారు. అప్పటికి ఆమె వయసు 25 సంవత్సరాలు.

ఉద్యోగం చేస్తూనే న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ శాస్త్రం చదివారు. 1932లో మాస్టర్స్ డిగ్రీ పొందారు. కొలంబియాలో ఆ డిగ్రీ పొందిన తొలి నల్లజాతి వ్యక్తి ఆమె. మన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ 1913 నుంచి 1916 వరకు చదివిన విశ్వవిద్యాలయం కూడా అదే.

అంకెల వెనుక ఉన్న అవమానం

ఇక అసలు విషయానికి వద్దాం. మన జిల్లా గ్రంథాలయంలో పుస్తకాల వెన్ను మీద అతికించిన చిన్న చీటీలు చూసే ఉంటారు. వాటి మీద అంకెలు ఉంటాయి. ఆ అంకెల పద్ధతిని అమెరికాకు చెందిన మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించాడు. ప్రపంచంలోని జ్ఞానాన్నంతా పది భాగాలు చేసి 000 నుంచి 999 వరకు అంకెలు ఇచ్చాడు. 500 అంటే విజ్ఞాన శాస్త్రం, 800 అంటే సాహిత్యం, 900 అంటే చరిత్ర, భూగోళం.

సౌకర్యమైన పద్ధతే. అయితే అంకెలు పంచిన మనిషికి ఏది పెద్దదిగా కనబడితే దానికి ఎక్కువ చోటు వచ్చింది. ఇంగ్లీషు సాహిత్యానికి 820 నుంచి 829 వరకు పది అంకెలున్నాయి. కోట్లమంది మాట్లాడే తెలుగు సాహిత్యానికి దొరికింది 894.827. అంటే మిగిలిన భాషలన్నిటికీ కలిపి ఇచ్చిన 890లో ఒక మూల. మతాల సంగతీ అంతే. 200 వర్గంలో ఎక్కువ భాగం క్రైస్తవానికి పోగా, తక్కిన మతాలన్నీ చాలాకాలం 290ల్లో సర్దుకున్నాయి. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి లైబ్రేరియన్‌గా చేరిన ఎస్.ఆర్. రంగనాథన్ ఇటువంటి లోటుపాట్లు చూసే కొత్త పద్ధతి ఆలోచించి, 1933లో కోలన్ వర్గీకరణ ప్రచురించారు.

డొరొతీ పోర్టర్ ఎదుర్కొన్న సమస్య ఇంకా ఘోరమైనది. డ్యూయీ పద్ధతిలో 325 అంటే వలసలు, వలస రాజ్యాలు. 326 అంటే బానిసత్వం. తన గ్రంథాలయాన్ని ఎలా సర్దాలో తెలుసుకోవాలని ఆమె ఇతర గ్రంథాలయాల పద్ధతులు పరిశీలించారు. నల్లజాతివారు రాసిన పుస్తకం ఏదైనా సరే, చాలా గ్రంథాలయాలు దానిని ఈ రెండు అంకెల కిందే పెడుతున్నాయి. జేమ్స్ వెల్డన్ జాన్సన్ పేరున్న కవి. ఆయన కవితా సంపుటి కూడా 325 కిందే ఉంది!

దీనివల్ల ఏమవుతుందో ఆలోచించండి. అమెరికన్ కవిత్వం చదవాలని ఒక విద్యార్థి గ్రంథాలయానికి వస్తాడు. కవిత్వం ఉండే 811 అర దగ్గరకు వెళతాడు. అక్కడ జాన్సన్ పుస్తకం ఉండదు. నల్లవారిలో కవులే లేరని అనుకుని వెళ్లిపోతాడు. పుస్తకం భవనంలోనే ఉంది. ఎవరూ దాచిపెట్టలేదు, చించలేదు, తగలబెట్టలేదు. అయినా అతని వరకు అది లేనట్టే. ఒక చిన్న అంకె ఒక జాతిలోని కవులను, శాస్త్రజ్ఞులను, వైద్యులను అందరినీ తీసుకుపోయి బానిసల అరలో కూర్చోబెట్టింది.

డొరొతీ పోర్టర్ ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. కవిత్వమైతే కవిత్వం కింద, సంగీతమైతే సంగీతం కింద, వైద్యమైతే వైద్యం కింద, రచయిత పేరును బట్టి పుస్తకాలు సర్దారు. కళలు, విద్య, ఆర్థిక శాస్త్రం, చరిత్ర, ఆరోగ్యం, భాషాశాస్త్రం, రాజకీయాలు, క్రీడలు, మతం - ఇలా ప్రతి విభాగంలోనూ నల్లజాతివారి కృషి ఉందని అరలే సాక్ష్యం చెప్పేలా చేశారు. ఆమె సభలు పెట్టలేదు, నినాదాలు ఇవ్వలేదు. తన బల్ల దగ్గర కూర్చుని పుస్తకాల మీద అంకెలు మార్చారు. ఆ రోజుల్లో పేరున్న గ్రంథాలయాలన్నీ అనుసరిస్తున్న పద్ధతిని కాదనడానికి ఎంత ధైర్యం కావాలి!

డబ్బు లేకుండా సేకరణ

పుస్తకాలు కొనాలంటే డబ్బు కావాలి. ఆమె చేతికి వచ్చిన బడ్జెటు దాదాపు లేదనే చెప్పాలి. మరి ఆమె ఏం చేశారు?

మొదట సొంత ఇల్లు వెతికారు. విశ్వవిద్యాలయం సాధారణ గ్రంథాలయం అరలన్నీ గాలించి, నల్లజాతి చరిత్రకు సంబంధించిన ప్రతి పుస్తకాన్నీ బయటికి తీసి తన విభాగంలో చేర్చారు. కొనకుండానే సంపద పెరిగింది.

రెండవది, ప్రచురణకర్తలకు ఉత్తరాలు రాశారు. మా దగ్గర డబ్బు లేదు, మీ పుస్తకం ఒక ప్రతి దయచేసి పంపండి అని నేరుగా అడిగారు. అడగటానికి ఆమె సిగ్గుపడలేదు. అడిగింది తన కోసం కాదు కదా!

మూడవది, పాత పుస్తకాల వర్తకులతో స్నేహం చేశారు. వారి జాబితాలు తెప్పించుకుని చదివేవారు. కొనుగోలు చేయలేని మనిషి అని తెలిసినా కొందరు వర్తకులు ఆమెకు పుస్తకాలు ఊరికే ఇచ్చారు.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యమైనది. ఎవరైనా పెద్దలు చనిపోయినప్పుడు వారి ఇంట్లోవారు అటకలు, గదులు ఖాళీ చేస్తారు. పాత కాగితాలు ముందుగా చెత్తలోకి పోతాయి. ఆ కాగితాలు పారేయకముందే ఆమె అక్కడికి చేరేవారు. ఉత్తరాలు, ఫోటోలు, చర్చి కార్యక్రమాల పత్రాలు, సంఘాల కరపత్రాలు అడిగి తెచ్చుకునేవారు. ఇంట్లోవారికి అవి చిత్తుకాగితాలు. ఆమెకు అవి చరిత్ర. పరిశోధనా గ్రంథాలయానికి పెద్దగా ఉన్నవారు సీట్లో కూర్చుంటే సరిపోదని, కాగితం ఉన్నచోటికి తామే వెళ్లాలని దీనివల్ల తెలుస్తుంది.

తూకం వేసేదెవరు?

1946లో ఒక పెద్ద అవకాశం వచ్చింది. ఆర్థర్ స్పింగార్న్ అనే న్యాయవాది నల్లజాతివారి హక్కుల కోసం పోరాడే సంస్థకు అధ్యక్షుడు. నల్లజాతి రచయితలు రాసిన సుమారు 5,000 పుస్తకాలు, పత్రాలు ఆయన దగ్గర ఉన్నాయి. క్యూబా, బ్రెజిల్, హైతీ దేశాల రచయితల పుస్తకాలు కూడా వాటిలో ఉన్నాయి. వాటిని విశ్వవిద్యాలయం కొనాలని డొరొతీ పోర్టర్ పట్టుబట్టారు.

కోశాధికారి ఒక మెలిక పెట్టాడు. ఆ సంపద విలువ ఎంతో ఆమె చెబితే చాలదు, బయటి నిపుణుడు చెప్పాలి అన్నాడు. ఆమె అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చెందిన నిపుణుణ్ణి సంప్రదించారు. నల్లజాతి పుస్తకాల గురించి తనకేమీ తెలియదని ఆయన ఒప్పుకున్నాడు. నివేదిక మీరే రాసి ఇవ్వండి, నేను పంపిస్తాను అన్నాడు. ఆమె రాశారు, ఆయన పంపాడు. ఒక తెల్లజాతి నిపుణుడు రాశాడనుకుని కోశాధికారి ఆ నివేదికను వెంటనే ఆమోదించాడు!

ఈ సంఘటన చదివితే నవ్వూ వస్తుంది, బాధా కలుగుతుంది. తెలివి ఆమెది, శ్రమ ఆమెది, విలువ మాత్రం ఆయన సంతకానికి. అయితే ఆమె తన పేరు కోసం పట్టుబట్టి కూర్చోలేదు. ఆ పుస్తకాలు తమ గ్రంథాలయానికి దక్కడమే ఆమెకు ముఖ్యం. సంస్థకు పెద్దగా ఉన్నవారు ఏ గొడవ పడాలి, ఏ గొడవ దాటిపోవాలి అన్నది తెలుసుకోవాలి. పుస్తకాల మీద అంకెల విషయంలో ఆమె వెనక్కి తగ్గలేదు. తన పేరు విషయంలో తగ్గారు.

దారి చూపే జాబితాలు

పుస్తకాలు సేకరించి సర్దినంత మాత్రాన పని పూర్తికాదు. ఏమున్నదో లోకానికి తెలియాలి. ఇందుకోసం లైబ్రేరియన్లు గ్రంథసూచికలు తయారు చేస్తారు. ఒక విషయం మీద ఇంతవరకు వచ్చిన పుస్తకాలన్నిటి పేర్లు, రచయితలు, సంవత్సరాలు వరుసగా ఇచ్చే జాబితానే గ్రంథసూచిక అంటారు.

కొలంబియాలో ఆమె చేసిన పరిశోధన ఇలాంటిదే. 1760 నుంచి 1835 వరకు అమెరికా నల్లజాతివారు రాసి అచ్చు వేయించిన వాటిని ఆమె వెతికి పట్టుకున్నారు. బ్రిటన్ హామన్ అనే ఆయన తన జీవిత కథను 1760లో బోస్టన్‌లో అచ్చు వేయించాడు. ఫిలిస్ వీట్లీ అనే బానిస యువతి కవితలు 1773లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. చదువు నేర్వని జాతి అని ఎవరిని అన్నారో వారు బానిసత్వం రోజుల్లోనే పుస్తకాలు రాశారు. వాదనతో కాదు, జాబితాతో ఆమె ఆ మాటను అబద్ధమని తేల్చారు. తొలినాటి నల్లజాతి రచనలను ఒకచోట చేర్చి 1971లో ఒక సంకలనం ప్రచురించారు. 1945లో నల్లజాతి కవుల గ్రంథసూచిక వెలువరించారు.

హోవార్డ్‌లో అలైన్ లాక్, స్టెర్లింగ్ బ్రౌన్, ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ వంటి ఆచార్యులు పనిచేసేవారు. నల్లజాతి జీవితం మీద పరిశోధన చేయాలనుకున్నవారికి ఆమె గ్రంథాలయం ఆధారమైంది. ఆమె కీర్తి దేశం దాటింది. 1960లో స్వాతంత్ర్యం పొందిన నైజీరియా తన జాతీయ గ్రంథాలయాన్ని నిర్మించుకుంటున్నప్పుడు, 1962 నుంచి 1964 వరకు ఫోర్డ్ ఫౌండేషన్ తరఫున అక్కడ సలహాదారుగా పనిచేశారు.

1973లో ఆమె పదవీ విరమణ చేశారు. 3,000తో మొదలైన సంపద అప్పటికి 1,80,000 దాటింది. అదే సంవత్సరం ఆ సంస్థను మూర్లాండ్-స్పింగార్న్ పరిశోధనా కేంద్రంగా తీర్చిదిద్ది, గ్రంథాలయ విభాగం, చేతిరాత పత్రాల విభాగం అని రెండుగా ఏర్పాటు చేశారు. 1994లో ఆమెకు జాతీయ స్థాయిలో చార్లెస్ ఫ్రాంకెల్ పురస్కారం లభించింది. 1995 డిసెంబరు 17న తన 90వ ఏట కన్నుమూశారు. ఆమె వేసిన పునాది మీద పని సాగుతూనే ఉంది. అక్కడ ఉన్న 2,000కు పైగా నల్లజాతి వార్తాపత్రికలను డిజిటల్ రూపంలోకి మార్చడానికి 2022లో 20 లక్షల డాలర్ల విరాళం వచ్చింది.

ఒక ఉత్తరం విలువ

ఇదంతా అమెరికా సంగతి, మనకేం సంబంధం అనుకోవద్దు. 1946లో డాక్టర్ అంబేడ్కర్ అమెరికాలోని ప్రసిద్ధ నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు ఒక ఉత్తరం రాశారు. అమెరికా నల్లజాతివారు తమ సమస్యను ఐక్యరాజ్యసమితి ముందు పెట్టారని తెలిసి, ఆ విజ్ఞాపన ప్రతులు పంపమని అడిగారు. అంటరానివారి స్థితికీ, నల్లజాతివారి స్థితికీ ఉన్న పోలికను అందులో ప్రస్తావించారు. డుబాయిస్ అదే సంవత్సరం జూలై 31న జవాబు రాశారు.

సముద్రాలకు అటూ ఇటూ ఉన్న ఇద్దరు మహనీయులు ఒకరి పోరాటాన్ని మరొకరు గమనించారని మనకు ఈ రోజు ఎలా తెలిసింది? ఆ ఉత్తరాలు ఉన్నాయి కనుక తెలిసింది. డుబాయిస్ పత్రాలు మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హెర్‌స్ట్ గ్రంథాలయంలోని ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. ఎవరో ఆ కాగితాన్ని పారేయలేదు. ఎవరో దానికి ఒక సంఖ్య ఇచ్చారు. ఎవరో జాబితాలో దాని పేరు రాశారు. వారిలో ఏ ఒక్కరు ఏమరుపాటుగా ఉన్నా ఆ ఉత్తరం మనకు దక్కేది కాదు.

గ్రంథాలయ పెద్ద చేయవలసిన పనులు

ఇంతవరకు చదివినదాన్ని క్రోడీకరించుకుందాం.

1. సేకరణ: ఈ రోజు చిత్తుకాగితంలా కనబడేది రేపు ఆధారం కావచ్చు. ఎవరి చరిత్రను ఎవరూ దాచటం లేదో ముందుగా గమనించాలి. సంస్థ పరిశోధన దేనిమీద సాగుతోందో తెలుసుకుని దానికి తగినట్టు సేకరించాలి.

2. వర్గీకరణ: పుస్తకానికి ఇచ్చే పేరు, అంకె న్యాయంగా ఉండాలి. పాత పద్ధతి తప్పు అయితే మార్చే ధైర్యం ఉండాలి.

3. సంరక్షణ: చెదలు, తేమ, ఎండ, ఎలుకలు కాగితానికి శత్రువులు. కలప గుజ్జుతో చేసిన కాగితంలో ఆమ్లం ఉండటం వల్ల అది పసుపురంగుకు తిరిగి పెళుసు అవుతుంది. అందుకని విలువైన పత్రాలను ఆమ్లం లేని పెట్టెల్లో ఉంచుతారు, మైక్రోఫిల్మ్, డిజిటల్ ప్రతులు తీస్తారు. డిజిటల్ ప్రతి తీశాం కదా అని అసలు కాగితాన్ని పారేయరాదు.

4. సేవ: అడిగినవారు చిన్నవారా, పెద్దవారా అని చూడకుండా దారి చూపాలి. అదే సమయంలో బతికున్నవారి సొంత విషయాలు, ఆరోగ్య వివరాలు ఉన్న పత్రాలను అందరికీ చూపకుండా జాగ్రత్త పడాలి.

5. నిధులు, సిబ్బంది: యాజమాన్యానికి గ్రంథాలయం అవసరాన్ని లెక్కలతో సహా వివరించి ఒప్పించాలి. తోటి ఉద్యోగులకు పని నేర్పాలి.

6. కొనసాగింపు: తాను వెళ్లిపోయినా పని ఆగకుండా అన్నీ రాసి ఉంచాలి. లైబ్రేరియన్ తలలో మాత్రమే ఉన్న జాబితా ఆయన బదిలీతోనే పోతుంది.

మన హాస్టల్లో ఏం చేయవచ్చు?

మనలో చాలామంది మన ఇళ్లలో మొదటిసారి చదువుకుంటున్నవాళ్లం. మన తాతల పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. కనుక దాచటం అనే పని మనకు మిగిలినవారికంటే ఎక్కువ అవసరం. మొదలుపెట్టడానికి పెద్ద భవనం అక్కర్లేదు.

హాస్టల్ బీరువాలో ఉన్న పుస్తకాలకు ఒక రిజిస్టరు పెట్టండి. వరుస సంఖ్య, వచ్చిన తేదీ, రచయిత, పుస్తకం పేరు, ప్రచురణ సంవత్సరం, వెల, కొన్నదా లేక ఎవరైనా ఇచ్చిందా - ఈ గడులు చాలు. పాత వార్షిక సంచికలు, వార్షికోత్సవ ఆహ్వాన పత్రాలు, ఆటల పోటీల ఫోటోలు ఒక అట్టపెట్టెలో చేర్చండి. ప్రతి ఫోటో వెనుక ఎవరెవరు ఉన్నారో, ఏ సంవత్సరమో పెన్సిలుతో మెల్లగా రాయండి. పెన్ను సిరా ముందువైపుకు దిగి ఫోటోను పాడుచేస్తుంది. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు మీ నాయనమ్మనో, అమ్మమ్మనో అడిగి వారి చిన్ననాటి కూలీ రేట్లు, బడి, కరువు రోజుల సంగతులు వారి అనుమతితో రాసుకోండి. రాసిన తేదీ, ఊరు పేరు తప్పక వేయండి. తేదీ లేని కాగితం సగం కాగితమే.

ఈ వృత్తి మీద ఆసక్తి ఉన్నవారు ఏదైనా డిగ్రీ పూర్తిచేసి బి.ఎల్.ఐ.ఎస్సీ., ఆ తరువాత ఎం.ఎల్.ఐ.ఎస్సీ. చదవవచ్చు. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో ఈ కోర్సులు ఉన్నాయి. ఉద్యోగం చేసుకుంటూ చదవాలనుకునేవారికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. విశ్వవిద్యాలయాల్లో లైబ్రేరియన్ ఉద్యోగాలు కోరేవారు ఇదే విషయంలో నెట్ పరీక్షకు తయారు కావాలి.

ఆలోచించి జవాబు రాయండి

1. గ్రంథాలయానికి, ఆర్కైవ్స్‌కు గల భేదాలు ఏవి?
2. కవితా సంపుటిని 325 కింద పెట్టడం వల్ల చదువరికి కలిగే నష్టం ఏమిటి?
3. డబ్బు లేకుండా డొరొతీ పోర్టర్ పుస్తకాలు ఎలా సేకరించారు?
4. మన జిల్లా గ్రంథాలయంలో మీ ప్రాంత చరిత్రకు సంబంధించిన పుస్తకాలు ఏ అంకె కింద ఉన్నాయో చూసి రండి. ఆ అంకె వాటికి న్యాయం చేస్తున్నదా?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇకమీద గ్రంథాలయానికి వెళ్లినప్పుడు పుస్తకం తీసుకునే ముందు దాని వెన్ను మీది అంకెను ఒకసారి చూడండి. ఆ అంకె వేసింది మనలాంటి మనుషులే. మనుషులు వేసినది మనుషులే సరిదిద్దవచ్చునని ఇరవై అయిదేళ్ల యువతి ఒకరు చేసి చూపించారు. మీలో ఒకరు రేపు ఒక పెద్ద పరిశోధనా గ్రంథాలయానికి పెద్ద కావాలని, అప్పటికి మన హాస్టల్ అట్టపెట్టె కూడా నిండి ఉండాలని కోరుకుంటూ సెలవు.